వంద గంటలు మోగిస్తే మారేది ఇయర్‌ఫోనా, చెవా?

కొత్త ఇయర్‌ఫోన్స్ పెట్టె విప్పి, చెవిలో పెట్టుకుని, ఏళ్లుగా వింటున్న పాట ఒకటి పెడితే మొదటి రోజు చాలామందికి ఏదో తేడా కొడుతుంది. బేస్ బండగా ఉందనో, తాళం చప్పుడు చెవిలో గుచ్చుకుంటోందనో, గాత్రం ఎక్కడో గోడ వెనక నుంచి వస్తున్నట్టుందనో అనిపిస్తుంది. డబ్బు పెట్టి కొన్నాక ఇలా ఉంటే టెన్షన్ సహజం. అప్పుడు తెలిసినవాళ్లని అడిగితే వచ్చే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇంకా బర్న్-ఇన్ కాలేదు, వంద గంటలు మోగనిచ్చి అప్పుడు చెప్పు. రాత్రంతా పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలగలిసిన హోరు) పెట్టి డ్రాయర్‌లో వదిలెయ్యమనేవాళ్లున్నారు, 40 గంటలు చాలనేవాళ్లున్నారు, 200 గంటల లోపు అసలు అభిప్రాయమే చెప్పకూడదనేవాళ్లూ ఉన్నారు. ఆ సలహా పాటించినవాళ్లలో చాలామంది కొన్ని వారాల తర్వాత నిజంగానే బాగుంది అంటారు కూడా.

వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఇక్కడ ముందే ఒప్పుకోవాల్సిన విషయం అది. మొదటి రోజుకీ నలభయ్యో రోజుకీ మధ్య వినిపించే తేడా వాళ్లకి నిజంగానే వినిపిస్తోంది. తేడా ఎక్కడ జరిగిందన్నదే ప్రశ్న. శబ్దం పుట్టించే భాగమైన డ్రైవర్‌లోనా, చెవిలో దూరే రబ్బరు టిప్ కూర్చున్న తీరులోనా, లేక వింటున్న మనిషి తలలోనా? మూడింటికీ ఎంతెంత వాటా ఉందో విడివిడిగా లెక్కేస్తే, అందరూ పేరు చెప్పే డ్రైవర్‌కి దక్కేది చాలా తక్కువ.

బర్న్-ఇన్ అనే మాట ఆడియో వాళ్లది కాదు, ఎలక్ట్రానిక్స్ తయారీది. కొత్తగా తయారైన విడిభాగాల్లో లోపమున్నవి మొదటి గంటల్లోనే ఎక్కువగా పాడవుతాయి, ఆ గండం దాటినవి చాలాకాలం నడుస్తాయి. అందుకని అమ్మే ముందే వాటిని వేడిలో, ఎక్కువ వోల్టేజీలో కొన్ని గంటలు నడిపి, పోయేవాటిని అక్కడే ఏరేస్తారు. అంటే ఆ పని ఉద్దేశం బలహీనమైనవాటిని పట్టుకోవడం. బాగా పనిచేసేదాన్ని ఇంకా బాగా చెయ్యడం అందులో లేదు. వాడే కొద్దీ మెరుగయ్యే వస్తువు అనే ఊహ బహుశా మనకి ఇంజిన్ల నుంచీ చెప్పుల నుంచీ వచ్చి ఉంటుంది. కొత్త ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడతో రాసుకుని కుదురుకుంటాయి, కొత్త తోలు చెప్పు పాదానికి తగ్గట్టు సాగుతుంది. రెండు చోట్లా ఏదో ఒకటి అరుగుతోంది లేదా సాగుతోంది. మరి ఇయర్‌ఫోన్‌లో అరిగేదీ సాగేదీ ఏముంది?

ఎక్కువ ఇయర్‌ఫోన్స్‌లో ఉండేది డైనమిక్ డ్రైవర్. ఒక చిన్న, బలమైన అయస్కాంతం, దాని సందులో వేలాడే సన్నని తీగచుట్ట, ఆ చుట్ట అతికిన పల్చని ప్లాస్టిక్ పొర. చుట్టలోంచి సంగీతపు కరెంటు వెళ్లినప్పుడు అది ముందుకీ వెనక్కీ కదులుతుంది, పొర దాంతోపాటు కదిలి గాలిని నెడుతుంది. ఇంట్లో పెట్టుకునే పెద్ద స్పీకర్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది కానీ నిర్మాణం వేరు. పెద్ద స్పీకర్‌లో కోన్ చుట్టూ రబ్బరు లేదా ఫోమ్ అంచు ఉంటుంది, వెనక తీగచుట్టని మధ్యలో నిలబెట్టడానికి స్పైడర్ అనే మడతల గుడ్డ ఉంటుంది, ఆ గుడ్డని గట్టిపరచడానికి రెజిన్ పట్టిస్తారు. కొత్త స్పైడర్ బిర్రుగా ఉంటుంది. స్పీకర్ కొన్ని మిల్లీమీటర్ల మేర ముందుకీ వెనక్కీ ఊగేసరికి ఆ రెజిన్ పట్టు కాస్త సడలుతుంది, స్పీకర్ సహజ కంపన సంఖ్య (అది తనంతట తాను ఊగే వేగం) కొంచెం కిందికి దిగుతుంది. ఇది కొలిచి చూపించగలిగిన సంగతే, స్పీకర్లు డిజైన్ చేసేవాళ్లందరికీ తెలిసినదే. కాబట్టి బర్న్-ఇన్ పూర్తిగా గాలికబురు అనేవాళ్లు కూడా తొందరపడుతున్నట్టే. పెద్ద వూఫర్ల (బేస్ మోగించే స్పీకర్ల) విషయంలో దానికి ఆధారం ఉంది. కాకపోతే అక్కడ కూడా ఎక్కువ మార్పు మొదట్లోనే అయిపోతుంది, వందల గంటలు సాగదు.

ఇయర్‌ఫోన్‌లో స్పైడర్ లేదు, విడిగా రబ్బరు అంచూ లేదు. ఒకే ప్లాస్టిక్ పొరని వేడితో అచ్చుపోసి, మధ్యలో గుమ్మటంలా, అంచు వైపు సన్నని మడతలుగా తయారు చేస్తారు. ఆ మడతలే దానికి స్ప్రింగు.

అది ఎంత కదులుతుందో ఒకసారి లెక్క వేసి చూడటం మంచిది, ఎందుకంటే వాదన మొత్తం దీని మీదే ఉంది. చెవి కాలువని బాగా మూసే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే దాని ముందు చిక్కుకునే గాలి ఒకటి రెండు సీసీలే. 94 డెసిబెల్స్ శబ్దం అంటే సుమారు 1 పాస్కల్ ఒత్తిడి మార్పు. మన చుట్టూ ఉన్న గాలి పీడనం లక్ష పాస్కల్స్‌కి కాస్త ఎక్కువ. కాబట్టి ఆ చిన్న గదిలో గాలిని లక్షలో ఒక వంతు కంటే తక్కువ నొక్కితే చాలు, చెవికి గట్టిగా వినిపించే బేస్ పుడుతుంది. 2 సీసీల గాలికి ఇది 0.014 ఘన మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల డ్రైవర్‌లో కదిలే భాగం వైశాల్యం 50 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే, పొర కదలాల్సింది సుమారు 0.0003 మిల్లీమీటర్లు, అంటే మైక్రాన్‌లో మూడో వంతు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, అందులో సుమారు రెండు వందల్లో ఒక వంతు అన్నమాట. శబ్దాన్ని ఇంకో 20 డెసిబెల్స్ పెంచి చెవికి ప్రమాదకరమైన స్థాయికి తీసుకెళ్లినా ఆ కదలిక మూడు మైక్రాన్లే. వూఫర్ స్పైడర్ వేల మైక్రాన్లు ఊగుతూ సడలుతుంటే, ఇది మైక్రాన్‌లో ముక్కంత కదిలి ఏం సాగుతుంది?

ఎంతోకొంత సాగుతుందనే అనుకుందాం. ప్లాస్టిక్ పొరల్లో అచ్చుపోసినప్పుడు మిగిలిపోయిన బిగువు కాలంతో కొద్దిగా సడలడం అసంభవమేమీ కాదు. బేస్ ప్రాంతంలో ఈ చిన్న డ్రైవర్ల శబ్దం పొర బిగువు మీద ఆధారపడుతుంది కాబట్టి, ఆ బిగువు ఏకంగా 10 శాతం తగ్గిందనుకున్నా బేస్ పెరిగేది 1 డెసిబెల్ లోపే. పైగా పొర వెనక, ముందు చిక్కుకున్న గాలి కూడా స్ప్రింగులా పనిచేస్తుంది, ఆ గాలి ఎన్ని గంటలు మోగించినా సడలదు. అందుకని అసలు తేడా ఇంకా తక్కువే ఉంటుంది. గంటల లెక్క కూడా ఒకసారి చూడాలి. 1000 హెర్ట్జ్ శబ్దం, అంటే సెకనుకి 1000 ఊపులది, ఒక్క నిమిషం మోగితే పొర 60,000 సార్లు ఊగుతుంది. కొద్ది ఊపుకే సడలే గుణం దానికి ఉంటే మొదటి పాట అయ్యేలోపే చాలావరకు సడలిపోవాలి. సరిగ్గా 100 గంటల దగ్గరో 200 గంటల దగ్గరో మలుపు తిరగడానికి పదార్థంలో కారణమేదీ కనిపించదు. ఆ సంఖ్యలు గుండ్రంగా ఉండటమే వాటి గురించి చాలా చెబుతుంది.

ఇక మిగతా రకాలు. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లలో చిన్న లోహపు నాలుక ఒకటి అయస్కాంతాల మధ్య కంపిస్తూ సన్నని కడ్డీ ద్వారా పొరని కదుపుతుంది, అందులో సడలాల్సిన భాగమంటూ పెద్దగా లేదు. తీగలకి కూడా బర్న్-ఇన్ కావాలనే మాట ఒకటి తిరుగుతుంటుంది. ఇయర్‌ఫోన్‌కి వెళ్లేపాటి కరెంటు వందల గంటలు పారినా రాగి తీగ రాగి తీగలాగే ఉంటుంది, దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. వైర్‌లెస్ బడ్స్ విషయం కొంచెం వేరు. వాటిలో శబ్దం తీరుని చాలావరకు లోపలి చిప్ నిర్ణయిస్తుంది, కొన్నింటిలో లోపలి వైపు మైక్రోఫోన్ ఉండి చెవిలో ఎలా వినిపిస్తోందో గమనిస్తూ అప్పటికప్పుడు సర్దుతుంది కూడా. ఎయిర్‌పాడ్స్ ప్రోలో ఉన్నది అలాంటిదే. అలాంటిచోట పొరలో ఇసుమంత మార్పు వచ్చినా చిప్ దాన్ని సరిచేసేస్తుంది. పైగా ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వస్తే రాత్రికి రాత్రే శబ్దం మారిపోవచ్చు, ఆ మార్పు క్రెడిట్ కూడా బర్న్-ఇన్ ఖాతాలో పడిపోతుంటుంది.

కొలిచి చూసినవాళ్లు లేకపోలేదు. హెడ్‌ఫోన్ కొలతలకి పేరున్న టిల్ హెర్ట్‌సెన్స్ ఏకేజీ క్యూ701 అనే పెద్ద హెడ్‌ఫోన్‌ని గంటల తరబడి మోగిస్తూ, మధ్యమధ్యలో కొలుస్తూ వెళ్లారు. మార్పులు కనిపించాయి, కానీ చాలా చిన్నవి. అది చెవి మీద పెట్టుకునే పెద్ద రకం, దాని పొర ఎక్కువ దూరం కదులుతుంది, కాబట్టి చెవిలో దూరే రకం కంటే అందులో మార్పుకి అవకాశం ఎక్కువ. షూర్ సంస్థ తన ఈ1 ఇయర్‌ఫోన్స్‌లో ఏళ్లపాటు బాగా వాడిన జతల్ని తిరిగి కొలిస్తే ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పటి కొలతలే వచ్చాయని చెప్పింది. కొందరు కొత్త జతనీ వాడిన జతనీ పక్కపక్కన పెట్టి తేడా వినిపిస్తోంది కదా అంటారు. వినిపించొచ్చు. కానీ ఒకే మోడల్‌లో, ఒకే రోజు తయారైన రెండు జతల మధ్య కూడా డెసిబెల్ అటూ ఇటూ తేడాలుంటాయి, ఒకే జతలో ఎడమకీ కుడికీ మధ్యా ఉంటాయి. వాడకముందు ఆ రెండు జతలూ ఒకేలా ఉన్నాయని ఎవరైనా కొలిచి పెట్టుకుంటే తప్ప, ఆ పోలిక వయసు గురించి ఏమీ చెప్పదు.

పొర వల్ల వచ్చే మార్పు 1 డెసిబెల్ లోపే అనుకున్నాం. టిప్ సంగతి దీని పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. చెవి కాలువకీ టిప్‌కీ మధ్య కంటికి కనిపించని సందు ఉన్నా కింది స్వరాల శబ్దం అందులోంచి జారిపోతుంది, లోతైన బేస్‌లో 10 డెసిబెల్స్ పైగా పోవచ్చు. పెట్టెలో వచ్చిన మధ్య సైజు టిప్స్ అలాగే పెట్టుకుని, సన్నగా ఉంది, గాత్రం గుచ్చుకుంటోంది అనుకునేవాళ్లలో చాలామంది అసలు సమస్య ఇదే. బేస్ పోతే మిగిలిన పై స్వరాలు ఉన్నదానికంటే పదునుగా వినిపిస్తాయి. ఇయర్‌ఫోన్ ఎంత లోతుగా వెళ్లిందన్నదీ ముఖ్యమే. మూసిన చెవి కాలువలో గాలికి తనదైన ప్రతిధ్వని శిఖరం ఒకటి ఉంటుంది, కొలత పరికరాల్లో అది సాధారణంగా 8000 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. ఇయర్‌ఫోన్ ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి జరిగితే ఆ శిఖరం పైకి జరుగుతుంది, బయటికి వస్తే కిందికి దిగుతుంది. సకారం, తాళం, జల్లరి మోతలు ఉండేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే.

ఇప్పుడు ఒక మనిషి కొత్త ఇయర్‌ఫోన్‌ని వారం రోజులు వాడటం ఊహించండి. మొదటి రోజు ఎలా పెట్టుకోవాలో తెలియదు. మూడో రోజుకి చెవిని కొంచెం వెనక్కి లాగి పెడితే బాగా కూర్చుంటోందని చెయ్యికి అలవాటవుతుంది, టిప్ మార్చి చూస్తాడు, సిలికాన్ కాస్త మెత్తబడుతుంది, ఫోమ్ అయితే చెవి వేడికి ఆ కాలువ ఆకారంలో వ్యాపించడం అతనికి తెలుస్తుంది, దాని కోసం అర నిమిషం ఆగడం నేర్చుకుంటాడు. పదో రోజుకి బేస్ వచ్చింది, గుచ్చుకోవడం తగ్గింది. నిజంగానే వచ్చింది, నిజంగానే తగ్గింది, మైక్రోఫోన్ పెట్టి కొలిచినా కనిపించేంతగా. డ్రైవర్‌కి మాత్రం దాంతో సంబంధం లేదు. డ్రాయర్‌లో పెట్టి మోగించినవాళ్ల విషయంలోనూ అంతే, ఎందుకంటే మధ్యమధ్యలో తీసి చెవిలో పెట్టుకుని చూస్తూనే ఉంటారు, ప్రతిసారీ కాస్త మెరుగ్గా పెట్టుకుంటూనే ఉంటారు.

వాల్యూమ్ ఇంకో మోసగాడు. చిన్న శబ్దంలో మన చెవికి బేస్ తక్కువగా వినిపిస్తుంది, వాల్యూమ్ పెంచే కొద్దీ బేస్ మిగతావాటికంటే వేగంగా ముందుకొస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే దీన్ని గీతలుగా గీసి చూపించారు, ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 226 కూడా అదే విషయం చెబుతుంది. ఒక డెసిబెల్ ఎక్కువున్న శబ్దం మనకి గట్టిగా ఉన్నట్టు కాకుండా బాగున్నట్టు అనిపిస్తుంది, గొడవంతా అక్కడే. అందుకే గట్టి పరీక్షల్లో రెండింటి వాల్యూమ్‌నీ 0.1 డెసిబెల్ తేడా దాకా సరిచూసుకుంటారు. ఇంట్లో ఎవరు చూసుకుంటారు? మొదటి రోజు కొత్తది కాబట్టి జాగ్రత్తగా తక్కువలో విని, తర్వాత అలవాటై రెండు గీతలు ఎక్కువ పెట్టుకున్నా అది బర్న్-ఇన్ అనే అనిపిస్తుంది.

ఇవన్నీ పక్కన పెట్టినా మిగిలే పెద్ద కారణం మెదడు. చెవి విన్నది విన్నట్టు మెదడు మనకి అందించదు, తనకి అలవాటైన తీరుతో పోల్చి సర్దుతుంది. 1998లో హోఫ్‌మన్, వాన్ ఆప్‌స్టాల్ బృందం నెదర్లాండ్స్‌లో చేసిన ప్రయోగం ఒకటి ఈ విషయంలో చాలా చెబుతుంది. కొందరి చెవి డొప్పల్లో అచ్చులు అమర్చి వాటి ఆకారం మార్చేశారు. దాంతో శబ్దం పై నుంచి వస్తోందో కింద నుంచి వస్తోందో వాళ్లకి తెలియకుండా పోయింది, ఎందుకంటే ఆ తేడాని మెదడు పట్టుకునేది డొప్ప మడతలు పై స్వరాల్లో చేసే మార్పుల్ని బట్టే. అచ్చులు తియ్యకుండా మామూలుగా రోజులు గడుపుతూ ఉంటే, కొన్ని వారాలకి వాళ్లు మళ్లీ సరిగ్గా గుర్తించడం మొదలుపెట్టారు. అచ్చులు మారలేదు, వాటిని ఎవరూ రాత్రంతా మోగించలేదు. మెదడే కొత్త చెవుల్ని నేర్చుకుంది.

ఇయర్‌ఫోన్ కూడా ఒక రకంగా కొత్త చెవి డొప్పే. చెవిలో దూర్చగానే మన సొంత డొప్ప పని పోతుంది, ఆ ఇయర్‌ఫోన్ డిజైనర్ ఊహించిన డొప్ప వచ్చి చేరుతుంది. ప్రతి మోడల్‌కీ పై స్వరాల్లో ఎత్తుపల్లాలు వేరు. పాతదానికి రెండేళ్లు అలవాటు పడిన మెదడుకి మొదటి రోజు కొత్తదానిలోని ఎత్తు గుచ్చుకుంటుంది, పల్లం బోలుగా అనిపిస్తుంది. రోజూ వింటూ ఉంటే అది కొత్త సాధారణం అవుతుంది. దీనికి తోడు పదే పదే ఎదురైనది ఏదైనా కాస్త ఇష్టమవడం అనే గుణం ఒకటి మనుషుల్లో ఉంది, మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో దాని మీద ప్రయోగాలు ప్రచురించారు. తినగా తినగా వేప కూడా తియ్యగా ఉంటుందని మనవాళ్లు ఎప్పుడో చెప్పుకున్న మాటే.

జ్ఞాపకం కూడా మనం అనుకున్నంత గట్టిది కాదు. శబ్దం తాలూకు సూక్ష్మమైన వివరాలు మెదడులో యథాతథంగా నిలిచేది కొన్ని సెకన్లే. పాట గుర్తుంటుంది, గాత్రం ఎవరిదో గుర్తుంటుంది, కానీ మూడు వారాల కిందట 6000 హెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ ఎక్కువుందా తక్కువుందా అన్నది గుర్తుండదు. గుర్తుండేది ఆ రోజు మనం చెప్పుకున్న మాట, "గుచ్చుతోంది" అని. ఇవాళ్టి శబ్దాన్ని ఆ మాటతో పోలుస్తున్నాం. ఆ పైన ఎదురుచూపు. వంద గంటల తర్వాత బాగుంటుందని ముందే విని, గంటలు లెక్కపెట్టుకుని, వందో గంట పూర్తయ్యాక చెవిలో పెట్టుకుంటే బాగాలేదని వినిపించడం చాలా కష్టం. శిక్షణ ఉన్నవాళ్లు దీనికి అతీతులేమో అనుకోనక్కర్లేదు. ఆడియో పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ప్రచురించిన పరీక్షల్లో శ్రోతలు అవే స్పీకర్లకి కనిపిస్తున్నప్పుడు ఒక రకంగా, తెర వెనక పెట్టినప్పుడు ఇంకో రకంగా మార్కులు వేశారు. ఆ శ్రోతలు ఆడియో కంపెనీలో పనిచేసేవాళ్లే.

బర్న్-ఇన్ మీద నమ్మకమున్నవాళ్లు ఒక్క విషయానికి జవాబు చెప్పుకోవాలి. పదార్థం సడలడం వల్లే శబ్దం మారుతుంటే, ఆ మార్పు ఎప్పుడూ మంచివైపే ఎందుకు ఉంటుంది? సడలే పొరకి మన అభిరుచి తెలియదు. కొన్నిట్లో బేస్ పెరిగి బాగుపడితే, మొదటే బేస్ ఎక్కువున్నవాటిలో ఇంకా పెరిగి పాడవ్వాలి. మొదటి రోజు అద్భుతంగా ఉండి వంద గంటల తర్వాత చెడిపోయిందన్న మాట ఎంతమంది నోట విన్నాం? దాదాపు వినం. బేస్ ఎక్కువైందన్నవాళ్లకి తగ్గుతుంది, తక్కువైందన్నవాళ్లకి పెరుగుతుంది. అవసరమైన దిక్కుకి మాత్రమే జరిగే మార్పు ప్లాస్టిక్‌ది కాదు, అలవాటుది.

పోనీలే, నమ్మితే వచ్చే నష్టమేముంది అనుకోవచ్చు. రెండు నష్టాలున్నాయి, రెండూ చిన్నవి కావు. మొదటిది వాపసు గడువు. రోజుకి రెండు గంటలు వినే మనిషికి వంద గంటలు పూర్తవ్వాలంటే 50 రోజులు కావాలి. ఈలోపు వస్తువు తిరిగిచ్చే గడువు చాలా సందర్భాల్లో దాటిపోతుంది. ఒక చెవిలో తక్కువ మోగుతున్న లోపమున్న జతనో, అసలు తన చెవికి సరిపడని జతనో బర్న్-ఇన్ అయితే బాగుపడుతుందని ఉంచేసుకున్నవాళ్లకి చివరికి మిగిలేది ఆ లోపమే. ఇది నిజంగా బాధపడాల్సిన విషయం, ఎందుకంటే సలహా ఇచ్చినవాళ్ల ఉద్దేశం మంచిదే అయినా నష్టం కొన్నవాళ్లది. బర్న్-ఇన్ అయ్యాక చూడండి అని అమ్మేవాళ్లే చెబితే మాత్రం ఇంకా జాగ్రత్త పడాలి, వాళ్లకి గడువు దాటడం లాభం.

రెండోది చెవులు, వస్తువు రెండింటి ఆరోగ్యం. త్వరగా సడలాలని వాల్యూమ్ పూర్తిగా పెంచి గంటల తరబడి నాయిస్ మోగించేవాళ్లున్నారు. సంగీతంలో గట్టి భాగాలూ మెత్తటి భాగాలూ ఉంటాయి, మధ్యలో తీగచుట్టకి చల్లబడే వీలుంటుంది. నాయిస్‌లో ఆ విరామం ఉండదు. వెంట్రుకలాంటి తీగ, దాన్ని అతికించిన జిగురు ఆ వేడిని ఆపకుండా భరించాలి. బాగుచేద్దామని మొదలుపెట్టి పాడుచేసుకునే దారి ఇది. డ్రాయర్‌లో కాకుండా చెవిలో పెట్టుకునే గట్టిగా వింటూ బర్న్-ఇన్ చేస్తానంటే అది ఇంకా ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ఐటీయూ కలిసి ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 80 డెసిబెల్స్‌లో 40 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది, అంటే 89 డెసిబెల్స్ దగ్గర వారానికి 5 గంటలే. వంద గంటలు ఆ స్థాయిలో వింటే ఇయర్‌ఫోన్ సంగతేమో గానీ చెవి లోపలి సన్నని రోమకణాలు దెబ్బతింటాయి, అవి మళ్లీ పుట్టవు. పై స్వరాలు మెత్తబడ్డాయి అని సంతోషించే ముందు, మెత్తబడింది ఏమిటో ఆలోచించాల్సిన పరిస్థితి అది.

వాడకంతో నిజంగా మారేవి కొన్ని ఉన్నాయి, వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పెద్ద హెడ్‌ఫోన్స్ మెత్తలు నెలల తరబడి నొక్కుకుపోయి డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది, మెత్త తోలు పగిలితే బేస్ కారిపోతుంది. ఫోమ్ టిప్స్ సాగే గుణం కోల్పోయి మూత సరిగ్గా పడదు. ఇయర్‌ఫోన్ మూతి దగ్గరి జాలీలో గుబిలి చేరి శబ్దం ఒకవైపు తగ్గుతుంది, చాలామంది డ్రైవర్ పోయిందనుకుని పక్కన పడేసేవి జాలీ శుభ్రం చేస్తే తిరిగి బాగైపోతాయి. ఇవన్నీ చెడ్డవైపు జరిగే మార్పులే, అందుకే వీటికి అందమైన పేరు రాలేదు.

కాబట్టి కొత్త జత వచ్చిన రోజు చెయ్యాల్సిన పని మోగించి వదిలెయ్యడం కాదు. ముందు టిప్స్ అన్ని సైజులూ పెట్టి చూడాలి, ఎడమ చెవికి ఒక సైజు, కుడి చెవికి ఒక సైజు పట్టడం కూడా మామూలే. పెట్టుకున్నాక బయటి శబ్దం ఒక్కసారిగా తగ్గిందా, వేలితో మెల్లగా లోపలికి నొక్కితే బేస్ ఉన్నట్టుండి పెరుగుతోందా చూడాలి. నొక్కితే పెరుగుతోందంటే మూత సరిగ్గా లేదనే. రెండు చెవుల్లోనూ శబ్దం సమానంగా ఉందా, గాత్రం సరిగ్గా మధ్యలో నిలబడుతోందా అన్నది ఒక మోనో రికార్డింగ్ (రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం వచ్చేది) పెడితే తెలిసిపోతుంది. పక్కకి ఒరిగితే, టిప్స్ మార్చినా, ఇయర్‌ఫోన్స్ ఎడమ కుడి తారుమారు చేసి పెట్టుకున్నా అదే ఇయర్‌ఫోన్ వైపుకి ఒరుగుతుంటే లోపం వస్తువులో ఉంది, అది ఎన్ని గంటలకీ పోదు. ఆ తర్వాత వారం రోజులు మామూలు వాల్యూమ్‌లో, మామూలుగా వినే పాటలే వినాలి. ఆ వారం మెదడు కోసం, డ్రైవర్ కోసం కాదు. వారం తర్వాత కూడా అదే చోట గుచ్చుతుంటే ఈక్వలైజర్‌లో (ఒక్కో స్వర ప్రాంతాన్ని విడిగా పెంచి తగ్గించే సెట్టింగ్‌లో) ఆ ప్రాంతాన్ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి చూడొచ్చు, అదీ కుదరకపోతే గడువులోపే తిరిగిచ్చెయ్యాలి.

ఇంత చెప్పినా డ్రైవరే మారిందని గట్టిగా అనిపించేవాళ్లు తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. ఒకే మోడల్ రెండు జతలు తీసుకుని, రెండూ కొత్తగా ఉన్నప్పుడే, ఒక్కోదాన్ని పదిసార్లు తీసి పెట్టి కొలవాలి. తీసి పెట్టడం వల్లే ఎంత తేడా వస్తోందో అప్పుడు తెలుస్తుంది, అంతకంటే చిన్న మార్పుని లెక్కలోకి తీసుకోకూడదు. తర్వాత ఒకదాన్ని వంద గంటలు మోగించి రెండోదాన్ని పెట్టెలోనే ఉంచి మళ్లీ కొలవాలి. వినికిడితోనే చూడాలంటే వేరే మనిషి సాయం కావాలి, ఏది పెడుతున్నారో చెప్పకుండా 16 సార్లు మార్చి పెట్టించుకుని, కనీసం 12 సార్లు సరిగ్గా చెప్పగలగాలి. ఊరికే ఊహించి 12 లేదా అంతకంటే ఎక్కువ కొట్టే అవకాశం 4 శాతం లోపే.

రెండు జతలు అందరూ కొనలేరు. కానీ పాత జత దాదాపు అందరి దగ్గరా ఉంటుంది. కొత్తది వచ్చిన రోజున పాతది జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, మూడు వారాలు ముట్టుకోకుండా కొత్తదాంట్లోనే వినాలి. కొత్తది బాగా మెరుగైందని నమ్మకం కుదిరిన రోజు, పాతదాంట్లో అదే పాట పెట్టుకుని చూడాలి. ఏళ్లుగా సరిగ్గా ఉందనుకున్న ఆ శబ్దమే ఇప్పుడు మొద్దుగానో సన్నగానో వింతగా తోస్తే, మూడు వారాలూ డ్రాయర్‌లో పడున్న ఆ పాత జతని మోగించినవాళ్లెవరూ లేరు.